బున్యుయెల్ సినిమాల్లో మీ బుర్రలోంచి పోని సీన్ ఏది?

రీలుచివర:
స్పెయిన్ దర్శకుడు లూయిస్ బున్యుయెల్ గురించి ఇక్కడ అప్పుడో మాట ఇప్పుడో మాట వస్తూనే ఉంటుంది కానీ, సీన్ల మీద ప్రత్యేకంగా ఎవరూ చర్చ పెట్టలేదు. పెడుతున్నాను. షరతు ఒక్కటే. "కన్ను కోసే సీన్" అని ఒక ముక్క పడేసి వెళ్లిపోవద్దు. అది సినిమా చూడనివాళ్లకి కూడా తెలుసు. ఏ సీన్ అయినా పర్వాలేదు, అందులో మీ కంటికి ఏం పట్టిందో రాయండి.

నాతోనే మొదలుపెడతాను. 'ది ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' (1962). ఒపెరా చూసి వచ్చిన గొప్పింటివాళ్లు నోబిలే అనే ఆయన ఇంట్లో విందుకి చేరతారు. భోజనాలయ్యాక సంగీతం గదిలో కూర్చుంటారు, ఒకావిడ పియానో వాయిస్తుంది. పొద్దుపోయింది, లేవాలి. ఎవరూ లేవరు. గదికి తాళం లేదు, అడ్డం లేదు, పక్క హాల్లోకి బార్లా తెరిచిన దారి ఉంది. దాని దాకా వస్తారు, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి వెనక్కి తిరుగుతారు.

నన్ను వదలనిది ఆ మొదటి రాత్రి. మగవాళ్లు ఒక్కొక్కరే కోట్లు విప్పి సోఫాల మీద ఒరుగుతుంటారు. ఇంటాయనకి లోపల ఇదేం పద్ధతి అని ఉంటుంది. కానీ అతిథులు చిన్నబోకూడదు కదా, అందుకని తన కోటు కూడా విప్పేస్తాడు. ఇంత మర్యాద తెలిసినవాళ్లే తర్వాత గోడ పగలగొట్టి పైపులోంచి కారే నీళ్లకోసం తోసుకుంటారు. గోడ పగలడం కంటే ఆ కోటు విప్పడమే నాకు ఎక్కువ భయం వేసింది.

ఎడిటింగ్ టేబుల్:
అదే సినిమా, నాది ఇంకా ముందు. అతిథులు ఇంట్లోకి వచ్చే సీన్. నోబిలే "లూకాస్" అని పనివాణ్ణి పిలుస్తాడు, పలకడు. అందరూ మెట్లెక్కి పైకి పోతారు. కాసేపటికి మళ్లీ అదే గుమ్మం, అదే జనం, అదే పిలుపు, అవే మెట్లు. కెమెరా మాత్రం ఈసారి ఇంకాస్త పైనుంచి చూస్తుంది. కెమెరామన్ గాబ్రియేల్ ఫిగెరోవా అంతటివాడు కూడా ఎడిటింగ్ అయ్యాక కంగారుగా వచ్చి, ఒక సీన్ రెండుసార్లు పడిపోయిందని చెప్పాడట. ఈ సంగతి బున్యుయెల్ ఆత్మకథలోనే ఉంది.

ఇలా తిరిగొచ్చేవి సినిమా అంతా ఉన్నాయి. నోబిలే గ్లాసు ఎత్తి గాయని గురించి నాలుగు మంచి మాటలు చెప్తాడు, అందరూ వింటారు. మళ్లీ అదే చెప్తాడు, ఈసారి ఒక్కడూ వినడు. ఇద్దరు మనుషుల్ని ఒకరికొకర్ని పదే పదే పరిచయం చేస్తారు: ఒకసారి కొత్తవాళ్లలా, ఒకసారి పాత స్నేహితుల్లా, ఇంకోసారి ముక్తసరిగా.

దీన్ని చాలామంది తమాషాకి పెట్టాడు అనుకుంటారు. కథకి తాళంచెవి అదే. చివర్లో సిల్వియా పినాల్ పాత్ర గమనిస్తుంది, అందరూ సరిగ్గా మొదటి రాత్రి ఉన్న చోట్లలోనే ఉన్నారని. పియానో ఆవిడతో ఆ చివరి ముక్క మళ్లీ వాయించమంటుంది. ఆ రాత్రి అన్న మాటలే మళ్లీ అంటారు. అప్పుడు కాళ్లు కదులుతాయి. ఆ తర్వాత చర్చిలో ఏమవుతుందో చూసినవాళ్లకి తెలుసు, చూడనివాళ్లకి నేను చెప్పను.

వెనకసీటు:
నన్ను తిట్టినా సరే అడుగుతాను. గంటన్నర కూర్చుని చూశాను. ఎందుకు బయటికి రాలేకపోతున్నారో చివరిదాకా చెప్పడు. గొర్రెలెందుకు వచ్చాయి? ఎలుగుబంటి ఎందుకు వచ్చింది? అదే పని ఇంకెవరైనా చేస్తే కథ రాసుకోలేదని ఉతికేస్తాం. ఈయన చేస్తే సర్రియలిజం (కలల్లా, లాజిక్‌కి అందకుండా ఉండే కళ) అని చప్పట్లు కొడతాం.

రీలుచివర:
గొర్రెలూ ఎలుగుబంటీ ఎందుకొచ్చాయో సినిమాలో ఉందండీ. ఇంటావిడ విందులో సరదాకోసం తెప్పించింది, వద్దనుకుని తోట వైపు పంపించేసింది. అక్కడిదాకా లెక్క సరిపోయింది. ఆ లెక్కే కొన్ని రోజులకి వాటంతట అవి మెట్లెక్కి ఆకలితో ఉన్నవాళ్ల గదిలోకి నడిచొస్తే ఎలా ఉంటుందన్నదే సీన్.

ఇక కారణం చెప్పలేదంటారా, చెప్తే ఏమయ్యేది? దెయ్యమనో, శాపమనో, గాలిలో మందు కలిపారనో అంటే మనం ఆ దెయ్యం పోయేదాకా చూసి ఇంటికి పోతాం. కారణం లేదు కాబట్టే గదిలో ఉన్నవాళ్ల మీద నుంచి చూపు తిప్పుకోలేం.

వెనకసీటు:
మాట బాగుంది. ఒప్పుకోను.

మసకతెర:
షరతు ఒప్పుకుని కన్ను సీన్ గురించే రాస్తున్నాను, ఎందుకంటే దాన్ని అందరూ గుర్తుపెట్టుకుంటారు, ఎవరూ సరిగ్గా చూడరు. 'అన్ షియన్ అందలూ', 1929. చిత్రకారుడు సాల్వడార్ డాలీతో కలిసి రాసుకున్నది. బున్యుయెల్‌కి ఒక కల వచ్చింది: పల్చటి మబ్బు చందమామని కోసుకుంటూ పోవడం, మంగలికత్తి కన్నుని కోసినట్టు. డాలీ కల: అరచేతి నిండా చీమలు. ఈ రెండూ పెట్టుకుని మొదలుపెట్టారు. బుద్ధికి అందే వివరణ ఇచ్చుకోగలిగిన ఏ బొమ్మనీ ఉంచకూడదన్నది వాళ్ల నియమం. డబ్బు బున్యుయెల్ వాళ్లమ్మ ఇచ్చింది.

ఇప్పుడు షాట్లు చూడండి. ఒకడు సిగరెట్ కాలుస్తూ కత్తి నూరుతున్నాడు. అతను బున్యుయెలే. గోటి మీద పదును చూసుకుంటాడు. బాల్కనీలోకి వెళ్లి ఆకాశం వైపు చూస్తాడు. చందమామ. ఒకావిడ ముఖం, ఎదురుగా మనల్నే చూస్తూ, భయం లేకుండా. వేళ్లు ఆమె కన్నుని విప్పి పట్టుకుంటాయి, కత్తి దగ్గరికొస్తుంది. ఇక్కడ కట్ చేసి మబ్బు చందమామ మీదుగా పోవడం చూపిస్తాడు. హమ్మయ్య, పోలికతో సరిపెట్టాడు, కోసింది చూపించడు అని మనం ఊపిరి వదులుతాం. ఆ వదిలిన క్షణంలో కోస్తాడు. దెబ్బంతా ఆ వరసలోనే ఉంది.

ఇంకోటి. బాల్కనీలో అతనికి టై లేదు. కన్ను విప్పి పట్టుకునే షాట్‌లో వెనక నిలబడ్డ మనిషికి చారల టై ఉంది. మరిచిపోయారా, కావాలనే చేశారా అని నన్నడగొద్దు.

చిన్నరీలు:
నేను ఇక్కడ కొత్త, బున్యుయెల్‌కి ఇంకా కొత్త. ఆ కన్ను గాడిద కన్ను అని ఎక్కడో విన్నాను. నిజమేనా?

మసకతెర:
కాదు, చచ్చిపోయిన దూడది. వెంట్రుకలు కనబడకుండా బలమైన లైట్లు వేసి, మనిషి చర్మంలా అనిపించేలా చేశారు. గాడిదలు అదే సినిమాలో ఇంకో సీన్‌లో ఉన్నాయి, అందుకే కలిసిపోతుంటాయి. ఒకడు ఒకమ్మాయి వైపు పోవాలని చూస్తుంటాడు, భుజాల మీద తాళ్లు, ఆ తాళ్లకి రెండు పెద్ద పియానోలు, పియానోల మీద కుళ్లిన గాడిదలు, వెనకాల నేల మీద ఈడ్చుకుపోతూ ఇద్దరు చర్చి ఫాదర్లు. వాళ్లలో ఒకడు డాలీ.

పాతప్రింటు:
ఆ సినిమా మొదటి ప్రదర్శన కథ ఒకటి చెప్పాలి. పారిస్‌లో, 1929 జూన్. మూకీ సినిమా. బున్యుయెల్ తెర వెనక గ్రామఫోన్ పెట్టుకుని ఒకసారి అర్జెంటీనా టాంగో, ఒకసారి వాగ్నర్ ఒపెరా రికార్డు మార్చి మార్చి వేస్తున్నాడు. జనం గొడవ చేస్తే విసరడానికి జేబుల్లో రాళ్లు నింపుకున్నాడు. చప్పట్లు కొట్టారు. రాళ్లు మెల్లిగా జారవిడిచాడు.

మరుసటి ఏడాది 'లాజ్ డోర్' వేసినప్పుడు పరిస్థితి వేరు. 1930 డిసెంబర్‌లో మితవాద సంఘాలవాళ్లు థియేటర్‌లో చొరబడి తెర మీద సిరా కొట్టారు, బయట పెట్టిన చిత్రపటాలు చించారు. కొద్ది రోజుల్లో పోలీసులు సినిమానే నిషేధించారు, ఆ నిషేధం దాదాపు 50 ఏళ్లు నడిచింది. అందులో ఒక సీన్ ఉంది. ధనవంతుల ఇంట్లో అమ్మాయి పడకగదిలోకి వస్తుంది, మంచం మీద ఆవు. ఆవు! అమ్మాయి కెవ్వుమనదు. "ఎన్నిసార్లు చెప్పాను నీకు" అన్నట్టు విసుగ్గా దాన్ని దింపి తోలేస్తుంది.

నాకు బున్యుయెల్ అంతా ఆ విసుగులో కనబడుతుంది. వింత జరిగితే తెర మీద ఎవరూ ఆశ్చర్యపోరు. సంగీతం మోగదు, కెమెరా ఊగదు. ఆశ్చర్యపోయే పని మొత్తం మనకి వదిలేస్తాడు.

ఎడిటింగ్ టేబుల్:
పాతప్రింటు గారూ, మాట నచ్చింది కానీ అన్ని సినిమాలకీ పొసగదు. 'లాస్ ఒల్విదాదోస్' (1950) కల సంగతేంటి మరి? మెక్సికో సిటీ మురికివాడల పిల్లల కథ. పెడ్రో అనే కుర్రాడి కళ్ల ముందే వాడి దోస్తు హైబో ఇంకో కుర్రాణ్ణి చంపేస్తాడు. ఆ రాత్రి కల. అక్కడ అన్నీ ఉన్నాయి: స్లో మోషన్, గాలి హోరు, ఈకలు రాలడం, పెదాలు కదలకుండానే వినబడే మాటలు. తల్లి మంచాల మీదుగా తేలుకుంటూ వస్తుంది. ఎప్పుడూ దగ్గరికి తీయని మనిషి, నవ్వుతూ వస్తుంది. "ఆ రోజు నాకు మాంసం ఎందుకు పెట్టలేదమ్మా" అని వాడు అడుగుతాడు. ఆవిడ వెనక్కి తిరిగి, పెద్ద పచ్చి మాంసం ముద్ద పట్టుకుని, చేతులు చాచి వస్తుంది. అందుకోబోయేలోపు మంచం కిందనుంచి హైబో చెయ్యి లేచి లాక్కుంటుంది.

ఇది కల అని ప్రతి ఫ్రేమూ చెప్తుంది. అయినా బున్యుయెల్ తీసిన వాటిలో నన్ను ఎక్కువ కదిలించింది ఇదే.

పాతప్రింటు:
బాబూ, ఆ సీన్ నాకూ ప్రాణం. అయితే దాని పక్కన పగటిపూట సీన్లు పెట్టి చూడు. వీధిలో పిల్లలు కాళ్లు లేని మనిషిని బండి మీదనుంచి లాగి పడేసి, బండిని దొర్లించేస్తారు. అది ఎంత మామూలుగా తీశాడో చూశావా? స్లో మోషన్ కలకి ఇచ్చాడు, ఎందుకంటే పెడ్రోకి ప్రేమ దొరికేది అక్కడే. పగలు జరిగేదానికి ఏ అలంకారమూ ఇవ్వలేదు.

ఇంకొకటి కూడా పెట్టాలనుకున్నాడు. ఒక హత్య జరిగే చోట, వెనకాల సగం కట్టి వదిలేసిన పెద్ద భవనంలో వందమంది ఆర్కెస్ట్రా కూర్చుని వాయిస్తూ కనబడాలి, చప్పుడు మాత్రం రాకూడదు. నిర్మాత ఆస్కార్ డాన్సిగెర్స్ ససేమిరా అన్నాడు. ఉంటే ఎలా ఉండేదో అని ఇప్పటికీ అనుకుంటాను. లేకపోవడమే మేలు అని కూడా అనుకుంటాను.

చిన్నరీలు:
పెడ్రో కెమెరా మీదకి గుడ్డు విసరడం కూడా ఈ సినిమాలోనే కదా? క్లిప్ చూశాను. గుడ్డు పగిలి అద్దం మీద కారుతుంటే నేను తల పక్కకి తిప్పాను.

పాతప్రింటు:
ఇందులోనే. పిల్లల్ని బాగుచేసే వ్యవసాయ బడిలో, కోపంతో కోడిగుడ్లు తాగుతూ ఉంటాడు, సూటిగా మనవైపు చూసి విసురుతాడు. సినిమా మెక్సికోలో విడుదలైన కొత్తలో దేశం పరువు తీశాడని దుమ్మెత్తి పోశారు, నాలుగు రోజులు తిరక్కుండానే ఎత్తేశారు. 1951లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ దర్శకుడి బహుమతి వచ్చాక అదే మెక్సికోలో మళ్లీ వేస్తే ఆడింది. కాన్‌లో మెక్సికో కవి ఆక్టేవియో పాజ్ తనే సినిమా మీద వ్యాసం రాసి, గుమ్మం దగ్గర నిలబడి పంచిపెట్టాడు.

నీలిబొమ్మ:
ఇంతవరకూ 'విరిడియానా' పేరు ఎవరూ ఎత్తలేదేంటి! 1961, నియంత ఫ్రాంకో పాలనలో ఉన్న స్పెయిన్‌కి తిరిగెళ్లి మరీ తీసింది. సన్యాసం వైపు వెళ్లబోయి ఆగిపోయిన అమ్మాయి విరిడియానా, బిచ్చగాళ్లని చేరదీసి పుణ్యం చేయాలనుకుంటుంది. ఆమె లేని రాత్రి వాళ్లు పెద్దింటి భోజనాల గదిలో దూరి, మంచి బల్లగుడ్డ పరిచి, తాగి తందనాలాడతారు. నడుమ ఎనెదీనా అనే ఆవిడ ఫోటో తీస్తానంటుంది. "కెమెరా ఏది?" అంటే అమ్మానాన్నా ఇచ్చిందే ఒకటి ఉందంటుంది. అందరూ బల్ల వెనక వరసగా సర్దుకుని ఒక్కసారి కదలకుండా ఆగిపోతారు. చూస్తే డావిన్చీ బొమ్మ 'లాస్ట్ సప్పర్', క్రీస్తు శిష్యులతో చేసిన ఆఖరి విందు. క్రీస్తు స్థానంలో గుడ్డి బిచ్చగాడు. ఎనెదీనా గౌను ఎత్తి "ఫోటో" తీసి, పకపకా నవ్వుతుంది.

దీని గురించి రాసేవాళ్లంతా దైవదూషణ దగ్గర ఆగిపోతారు. నాకు పట్టింది ఫోజుకి ముందు క్షణం. అప్పటిదాకా కుమ్ముకుంటున్నవాళ్లు ఫోటో అనగానే ముఖాలు సర్దుకుంటారు, పెద్దమనుషుల్లా కూర్చుంటారు. వాళ్ల జీవితంలో ఎవరూ ఫోటో తీసి ఉండరు. నవ్వుతూ చూస్తున్న నాకు అక్కడ గొంతు పట్టేసింది.

ఆ సినిమాలోనే కుక్క సీన్. విరిడియానాకి అన్న వరసయ్యే జోర్హే, బండి ఇరుసుకి కట్టేస్తే దాని వెనక పరుగులు తీస్తున్న కుక్కని చూసి జాలిపడి, డబ్బిచ్చి కొంటాడు. మంచి పని చేశానని తృప్తి. అతను అటు తిరగగానే, ఇటునుంచి ఇంకో బండి పోతుంది, దాని కింద ఇంకో కుక్క. అతను చూడడు. మాట లేదు, మ్యూజిక్ లేదు. మహా అయితే ఒక నిమిషం.

వెనకసీటు:
కుక్క సీన్‌కి నా ఓటు కూడా వేసుకోండి. ఇదొక్కటీ వివరించక్కర్లేదు.

కానీ జంతువుల మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 'లాస్ హుర్దెస్' (1933) సంగతేంటి? స్పెయిన్‌లో కడుపేద కొండ ఊళ్ల మీద డాక్యుమెంటరీ అంటారు. మేక కొండ మీదనుంచి కాలుజారి పడిందని వ్యాఖ్యానం చెప్తుంది. ఫ్రేమ్ పక్కన తుపాకీ పొగ తెల్లగా కనబడుతోంది! కాల్చి పడేశారు. గాడిదని తేనెటీగలు కుట్టి చంపడం కూడా వాళ్లు ఏర్పాటు చేసిందే. కుక్క మీద జాలి చూపించే మనిషి చేసే పనేనా ఇది?

మసకతెర:
పొగ కనబడేది నిజమే. దాన్ని సమర్థించేవాళ్లు, ఆ పొగ ఉంచడమే డాక్యుమెంటరీలని నమ్మొద్దని చెప్పడం అంటారు. నాకైతే తర్వాత అల్లిన కథలా ఉంటుంది. అయితే ఆ వ్యాఖ్యానం గొంతు విను. పిల్లలు రోగాలతో పోతున్నారని చెప్తున్నప్పుడు కూడా రైలు వేళలు చదువుతున్నట్టు పొడిగా ఉంటుంది, వెనక బ్రామ్స్ సింఫనీ. ఆ పొడిబారిన గొంతే ముప్పై ఏళ్ల తర్వాత సినిమాల్లో మనం మెచ్చుకుంటున్న పద్ధతి. మేక సీన్‌ని మాత్రం నేను రెండోసారి చూడను.

నీలిబొమ్మ:
నేనూ చూడను. ఆ సినిమాకి డబ్బు ఆయన స్నేహితుడు రమోన్ ఆసిన్‌కి తగిలిన లాటరీ నుంచి వచ్చింది, అదొక్కటే దాంట్లో సంతోషం కలిగించే సంగతి.

చర్చ నిర్వాహకులు:
మాట మేక మీదనుంచి మనుషుల మీదకి మళ్లకముందే చెప్తున్నాం, అందరూ సీన్ల దగ్గరే ఉండండి. ముగింపులు చెప్పేవాళ్లు ముందు సినిమా పేరు రాయండి.

రీలుచివర:
'విరిడియానా' ముగింపు (పేరు రాశాను, చూడనివాళ్లు దాటేయండి). మొదట రాసుకున్నది: ఆమె రాత్రి జోర్హే గది తలుపు తడుతుంది, లోపలికి పోతుంది, తలుపు మూసుకుంటుంది. స్పెయిన్ సెన్సార్ కుదరదంది. సరేనని మార్చాడు. ఇప్పుడు గదిలో జోర్హే, పనిమనిషి రమోనా ఉంటారు. విరిడియానా జుట్టు వదులుకుని వస్తుంది. ముగ్గురూ పేకాటకి కూర్చుంటారు. రికార్డు మీద రాక్ పాట. ఎప్పటికైనా నాతో పేకాడతావని నిన్ను చూసిన మొదటిరోజే అనుకున్నాను అంటాడు జోర్హే. కెమెరా వెనక్కి, వెనక్కి పోతుంది.

మొదటిదాంట్లో ఇద్దరే, ఇప్పుడు ముగ్గురు! సెన్సార్‌వాళ్లు ఒప్పుకున్నారు. కాన్‌లో పెద్ద బహుమతి కూడా వచ్చింది. వెంటనే వాటికన్ పత్రిక దుమ్మెత్తిపోసింది, బహుమతి అందుకున్న స్పెయిన్ సినిమా అధికారి ఉద్యోగం ఊడింది, 1977 దాకా ఆ దేశంలో సినిమా ఆడలేదు.

వెనకసీటు:
ఇది మాత్రం బాగుంది. సెన్సార్ చెప్పినందుకు సీన్ ఇంకా ఘాటెక్కడం.

ఎడిటింగ్ టేబుల్:
పాతప్రింటు గారి విసుగు సూత్రం ఫ్రాన్స్‌లో తీసిన చివరి సినిమాల్లో ఎంత ముదిరిందో చెప్తాను. 'ది డిస్క్రీట్ చార్మ్ ఆఫ్ ది బూర్జువాసీ' (1972). ఆరుగురు స్నేహితులు కలిసి భోంచేయాలనుకుంటారు, సినిమా అంతా భోజనం పూర్తి కాదు. ఒకసారి తేదీ తప్పు. ఒకసారి రెస్టారెంట్ యజమాని శవం పక్క గదిలో ఉంటుంది. ఒకసారి మిలిటరీ దిగుతుంది. ఒక టీ దుకాణంలో టీ అయిపోయింది, కాఫీ అయిపోయింది, పాలు కూడా అయిపోయాయి.

నా సీన్, కల్నల్ ఇంట్లో విందు. కూర్చుంటారు. పనివాడు కోడి తెస్తూ కింద పడేస్తాడు, అది రబ్బరులా ఎగురుతుంది. పక్కనుంచి తెర లేస్తుంది. వాళ్లు నాటకం స్టేజి మీద ఉన్నారు, ఎదురుగా హాలు నిండా జనం. కింద పెట్టెలోంచి ఒకడు డైలాగులు అందిస్తుంటాడు. మిగతావాళ్లు జారుకుంటారు, ఒకతను మాత్రం చెమటలు కక్కుతూ "నాకు డైలాగులు రావు" అంటాడు. మెలకువ వస్తుంది. హమ్మయ్య కల. లేచి నిజంగానే కల్నల్ ఇంటికి పోతాడు, అక్కడ మాట మాట పెరిగి, ఆ స్నేహితుల్లో ఒకడైన రాయబారి కల్నల్‌ని కాల్చేస్తాడు. అప్పుడు వేరే ఆయన నిద్రలేస్తాడు. మొదటాయన కలగన్నట్టు రెండో ఆయన కల కన్నాడు!

స్లో మోషన్ లేదు. ఈకలు లేవు. కలకీ మెలకువకీ మధ్య లైటింగ్ కూడా మారదు. 1950లో కలకి అన్ని హంగులూ ఇచ్చిన మనిషి ఇరవై రెండేళ్లకి ఒక్కటీ మిగల్చలేదు. ఆయనకి అప్పటికి వినికిడి బాగా తగ్గింది, అసలు ఆ సినిమాలో వెనక సంగీతమే దాదాపు ఉండదు. మంత్రి ముఖ్యమైన మాట చెప్పేటప్పుడల్లా విమానం చప్పుడో టైపు మిషన్ చప్పుడో మింగేస్తుంది, మనకి వినబడదు, ఎదుటివాడికి మాత్రం అర్థమైపోతుంది.

మసకతెర:
రాయబారి చివరి కల మర్చిపోయారు. తుపాకులవాళ్లు చొరబడి అందర్నీ వరసపెట్టి కాల్చేస్తారు. రాయబారి (ఫెర్నాండో రే) బల్ల కింద దాక్కుంటాడు. అంతా అయిపోయింది, బతికిపోయినట్టే. కానీ ప్లేటులో మాంసం ముక్క ఉంది. చెయ్యి మెల్లిగా పైకి వస్తుంది, ముక్క పట్టుకుంటుంది, కిందకి పోతుంది. దొరికిపోతాడు. ఉలిక్కిపడి లేచి, వంటగదిలోకి పోయి, ఫ్రిజ్ తీసి తింటాడు. ఇరవై ఏళ్ల పాత పెడ్రో కలలో కూడా మాంసమే, చెయ్యే. ఆకలి ఒకడికి, చాపల్యం ఇంకొకడికి.

నీలిబొమ్మ:
అబ్బ, ఆ రెండు చేతుల్నీ నేనెప్పుడూ కలిపి చూడలేదు.

నాకు ఫ్రాన్స్ సినిమాల్లో 'ది ఫాంటమ్ ఆఫ్ లిబర్టీ' (1974) ఎక్కువ ఇష్టం. టాయిలెట్ సీన్ అందరూ చెప్తారు: అతిథులు బల్ల చుట్టూ కమోడ్‌ల మీద కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు, చిన్నపిల్ల ఆకలంటే తల్లి "బల్ల దగ్గర ఆ మాటలేంటి" అని కసురుతుంది, ఒకాయన పనమ్మాయిని పక్కకి పిలిచి గొంతు తగ్గించి భోజనాల గది ఎక్కడని అడిగి, చిన్న గదిలో గడియ పెట్టుకుని ఒంటరిగా తింటాడు. ఎవరో తలుపు తడతారు. లోపల మనిషి ఉన్నాడంటాడు. బాగా నవ్వుతాం.

నేను మర్చిపోలేనిది తప్పిపోయిన పాప. బడినుంచి ఫోన్: మీ అమ్మాయి కనబడటం లేదు. తల్లిదండ్రులు పరుగున వస్తారు. పాప అక్కడే ఉంది, తరగతిలో. "అమ్మా, నేను ఇక్కడే ఉన్నా" అంటుంది. "పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో రాకు" అంటారు. పాపని వెంటబెట్టుకుని పోలీస్ స్టేషన్‌కి వెళ్తారు. అధికారి పాపనే నిలబెట్టి, ఎత్తు, జుట్టు రంగు చూసుకుంటూ ఆనవాళ్లు రాసుకుంటాడు. తీసుకురావడం మంచిదైంది అంటాడు. ఆ ఆనవాళ్ల కాగితం పట్టుకుని పాపని వెతకడానికి పోలీసులు బయల్దేరతారు!

పిల్ల ఎదురుగా ఉన్నా దాని మాట ఎవరికీ చెవికెక్కదు. ఇందులో కల ఏముంది? నాకిది డాక్యుమెంటరీలా అనిపిస్తుంది.

చిన్నరీలు:
ఇదంతా చదివి రాత్రి 'బెల్ డి జూర్' (1967) చూశాను. ఆ పెట్టెలో ఏముంది?? వేశ్యాగృహానికి వచ్చిన కస్టమర్ చిన్న పెట్టె మూత తీసి చూపిస్తాడు, జుమ్మని చప్పుడు, ఒకమ్మాయి వద్దంటుంది, కేథరిన్ దెనవ్ సరేనంటుంది. మనకి మాత్రం చూపించడు. పిచ్చెక్కిపోతోంది.

పాతప్రింటు:
తనని అందరూ ఎక్కువగా అడిగిన ప్రశ్న అదేనని ఆయనే వాపోయాడు. మీకు ఏం కావాలంటే అది ఉందనుకోండి అనేవాడు. నిజంగా ఆయనకీ తెలియదు. పెట్టె కంటే తర్వాత వచ్చే షాట్ చూడమ్మా. పనావిడ లోపలికొచ్చి అయ్యో పాపం అన్నట్టు మాట్లాడుతుంది. మంచం మీద బోర్లా పడున్న సెవెరిన్ (దెనవ్ పాత్ర) తల ఎత్తుతుంది, ముఖంలో ఎంత తృప్తో. పెట్టె రహస్యం మనకి అక్కర్లేదని ఆ ముఖం చెప్తుంది.

నాది ఇంకొకటి ఉంది, చెప్పి ఊరుకుంటాను. చివరి సినిమా, 'దట్ ఆబ్‌స్క్యూర్ ఆబ్జెక్ట్ ఆఫ్ డిజైర్' (1977). ఒకే అమ్మాయి పాత్రని కరోల్ బూకే, ఆంహెలా మొలీనా ఇద్దరు వేశారు. ముందు మరియా ష్నైడర్‌తో మొదలై ఆగిపోయింది, సినిమా మూలపడేలా ఉంటే బున్యుయెల్ ఈ ఆలోచన చెప్పాడు. ఒకావిడ గదిలోకి పోతుంది, ఇంకొకావిడ బయటికి వస్తుంది. వెంటపడే ముసలాయన ఒక్కసారి కూడా గమనించడు. ప్రేమిస్తున్నానంటాడు, ఎదుట ఎవరున్నారో చూడడు.

ముగింపులో, పారిస్‌లో ఒక దుకాణం అద్దం వెనక ఒకావిడ రక్తం అంటిన లేసు బట్ట చిరుగుని కుడుతుంటుంది. సూది, దారం, చిరుగు మూసుకోవడం, అంతే. ఆ ముసలాయన అద్దానికి ఇవతల నిలబడి చూస్తుంటాడు. బున్యుయెల్ తీసిన ఆఖరి షాట్లవి. సినిమా మాత్రం అక్కడ ఆగదు, వెంటనే బాంబు పేలుతుంది.

వెనకసీటు:
ఇద్దరు హీరోయిన్ల సంగతి నాకు తెలియకుండా చూస్తే బాగుండేది. చెప్పేశారు.

పాతప్రింటు:
తెలియకుండా చూసి, చివరిదాకా ఒకే అమ్మాయి అనుకున్నవాళ్లు ఉన్నారట నాయనా. నువ్వు తెలిసి చూడు, ముసలాయన మీద కోపం ఇంకా పెరుగుతుంది.

చిన్నరీలు:
ఇప్పుడు ఏది చూడాలి? వరసలో వెళ్లమంటారా, ఎలాగైనా పర్వాలేదా?

ఎడిటింగ్ టేబుల్:
వరసలో వద్దు. 'లాస్ ఒల్విదాదోస్' చూసి, ఆ వెంటనే 'డిస్క్రీట్ చార్మ్'. తర్వాత 'సైమన్ ఆఫ్ ది డెజర్ట్' (1965), ముప్పావు గంటే, డబ్బులైపోయి అక్కడికే ఆపేశారు. ఎడారిలో స్తంభం మీద నిలబడి తపస్సు చేసే సన్యాసి, కథ మధ్యలో ఆకాశంలో జెట్ విమానం. చివర్లో ఎక్కడ తేలతాడో చెప్పను.

నీలిబొమ్మ:
ముందు 'విరిడియానా'. ఆయన మాట వినకు.

వెనకసీటు:
చిన్నరీలు, వీళ్లలో ఎవరి మాటా వినకు, 'ఎక్స్‌టర్మినేటింగ్ ఏంజెల్' చూసి, వాళ్లెందుకు బయటికి రాలేదో నాకు కూడా చెప్పు. నేను ఈ వారం మళ్లీ పెట్టుకున్నాను, ఈసారి ఆ కోట్లు విప్పే సీన్ కోసం.